వాటాలు అద్దెకిచ్చే చిన్న యజమానులకు: ఏది రాసుకోవాలి, ఏది వెంటనే అడగాలి

విజయనగరంలోనూ శ్రీకాకుళంలోనూ అద్దె ఇంటి యజమానులంటే ఎక్కువమంది ఒకటి రెండు వాటాలు ఉన్నవారే. పదవీ విరమణ డబ్బుతో మేడ మీద ఒక అంతస్తు వేసుకున్న మాస్టార్లు, పిల్లలు హైదరాబాదులో స్థిరపడ్డాక కింది వాటాను ఖాళీగా ఉంచలేకపోయిన దంపతులు, సైన్యంలో ఉద్యోగం చేస్తూ సెలవులకు వచ్చినప్పుడల్లా కొంత కొంతగా ఇల్లు కట్టుకుని దాన్ని అన్నదమ్ముల చేతిలో పెట్టి వెళ్లిన జవాన్లు ఈ లెక్కలోకి వస్తారు. వీరికి అద్దె ఒక వ్యాపారం కాదు, నెల గడవడానికి ఆసరా. అందుకే అది రెండు నెలలు ఆగితే ఇబ్బంది పడేదీ వీరే, అడగడానికి నోరు రానిదీ వీరికే.

విజయనగరం బాబామెట్ట దగ్గర మా ఇంట్లో నాలుగు వాటాలున్నాయి. ఇరవై ఏళ్లకు పైగా వాటిని అద్దెకిస్తూ నేను పోగొట్టుకున్న డబ్బు లెక్క చూసుకుంటే, మోసపోయి పోగొట్టుకున్నది తక్కువ, మొహమాటపడి పోగొట్టుకున్నది ఎక్కువ. మనవాళ్లే కదా, కాగితం ఎందుకులే అని వదిలేసిన ప్రతి విషయమూ ఏదో ఒక రోజు గుమ్మం దగ్గర వాదనగా తేలింది. నోటితో అడగలేనిదాన్ని ముందుగా రాసిపెట్టుకున్న కాగితం మన తరఫున అడుగుతుంది. ఆ కాగితంలో ఏముండాలో, అది ఉన్నా నోరు తెరిచి అడగవలసిన సందర్భాలేవో ఇక్కడ చెబుతున్నాను.

ఎవరికి ఇవ్వాలి

గేటుకు టు-లెట్ బోర్డు కట్టిన రోజు నుంచీ ఫోన్లు వస్తాయి. వచ్చినవారి కులమేమిటి, మాంసాహారమా శాకాహారమా అన్న ప్రశ్నలు మన వీధుల్లో ఇప్పటికీ మొదట వినిపిస్తాయి. నా అనుభవంలో అద్దె వేళకు రావడానికీ వాటికీ ఏ సంబంధమూ లేదు. అడగవలసినవి వేరే ఉన్నాయి. ఎక్కడ పనిచేస్తున్నారు, జీతం బ్యాంకులో పడుతుందా చేతికి వస్తుందా, ఇంట్లో ఎంతమంది ఉంటారు, ఇప్పుడున్న ఇల్లు ఎందుకు ఖాళీ చేస్తున్నారు అన్నవి తెలుసుకోవాలి. వీలైతే వారు అంతకుముందు ఉన్న ఇంటి యజమానితో మాట్లాడాలి. ఇప్పుడు ఉంటున్న ఇంటి యజమాని మాటను పూర్తిగా నమ్మనక్కరలేదు, ఎందుకంటే అద్దెదారును వదిలించుకోవాలనుకున్నవాడు ఎప్పుడూ మంచే చెబుతాడు. దానికి ముందటి ఇంటి యజమాని మాత్రం ఉన్నది ఉన్నట్టు చెబుతాడు.

చింతలవలస వైపు కళాశాలలకు వెళ్లే విద్యార్థులు నలుగురైదుగురు కలిసి ఒక వాటా తీసుకుంటామని వస్తారు. ఇవ్వకూడదని నేను అనను. అయితే అద్దెను ఒక్కొక్కరి దగ్గర ఒక్కో భాగంగా విడివిడిగా తీసుకునే పద్ధతి పెట్టుకుంటే, మధ్యలో ఒకరు వెళ్లిపోయినప్పుడు ఆ భాగం ఎవరిస్తారన్నది తేలదు. అందరూ సంతకాలు చేయాలి, మొత్తం అద్దెకు ప్రతి ఒక్కరూ బాధ్యులని ఒప్పందంలో ఉండాలి, కనీసం ఇద్దరి తల్లిదండ్రులతో ఫోనులో మాట్లాడి ఉండాలి. భోగాపురం విమానాశ్రయ పనుల వంటి పెద్ద నిర్మాణాలకు వచ్చే సిబ్బంది కోసం కంపెనీలు ఇళ్లు తీసుకున్నప్పుడు, సంతకం చేసేది కంపెనీయా, కింది కాంట్రాక్టరా, లేక ఉండబోయే మనిషా అన్నది మొదటే తేల్చుకోవాలి. పని పూర్తయ్యాక మకాం ఎత్తేసిన కాంట్రాక్టరు ఫోను మళ్లీ మోగదు.

గుర్తింపు కోసం ఆధార్ నకలు తీసుకుంటే మొదటి ఎనిమిది అంకెలు కనబడని మాస్క్‌డ్ ఆధార్ సరిపోతుంది. దానికి ఒక ఫొటో, పని చేసే చోటి గుర్తింపు కార్డు నకలు, సొంతవూరి చిరునామా, దగ్గరి బంధువు ఫోను నంబరు జతచేసి, ఆ వివరాల ప్రతిని మన పరిధిలోని పోలీస్ స్టేషన్‌లో ఇచ్చి రావడం మంచిది. అద్దెదారును అనుమానించినట్టవుతుందని వెనకాడేవారు, అతని ముందే "అందరివీ ఇస్తాం బాబూ, మీదొక్కటే కాదు" అని చెబితే ఏ బాధా ఉండదు.

పదకొండు నెలల కాగితం

పదకొండు నెలలకు ఒప్పందం రాసుకోవడం అందరికీ తెలుసు, ఎందుకన్నది కొందరికే తెలుసు. ఏడాది దాటిన కాలానికి స్థిరాస్తిని అద్దెకిచ్చే పత్రాన్ని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి. ఆ ఖర్చూ తిరుగుడూ తప్పించుకోవడానికే ఈ పదకొండు నెలల ఏర్పాటు. అయితే మన రాష్ట్రంలో ఆ చట్టానికి చేసిన సవరణ ప్రకారం ఏడాది లోపు అద్దె పత్రాలకు కూడా రిజిస్ట్రేషన్ కావాలి. అంతేగాని, పదకొండు నెలలు రాస్తే పన్నెండో నెలలో అద్దెదారును బయటికి పంపే అధికారం దానంతటది వచ్చేస్తుందనుకోవడం పొరపాటు. రిజిస్టరు చేయకుండా మూడేళ్లకో అయిదేళ్లకో స్టాంపు కాగితం మీద రాసుకున్నవారి పరిస్థితి మరీ ఇబ్బందికరం, ఎందుకంటే వివాదం కోర్టుకెక్కితే అందులోని షరతులను సాక్ష్యంగా చూపడం కష్టమవుతుంది.

రాష్ట్రంలో 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం స్థానంలో 2017 నాటి నివాస, నివాసేతర ప్రాంగణాల అద్దె చట్టం వచ్చింది. అద్దె ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలని అది చెబుతుంది. కాబట్టి నోటి మాట మీద ఇల్లివ్వడం ఇక మానుకోవాలి. కోర్టు దగ్గర టైపు చేసేవారి వద్ద సిద్ధంగా ఉండే నమూనాలో పేర్లు, అద్దె మార్చి సంతకం పెట్టేయడం మనకు అలవాటు. ఆ నమూనాలో సాధారణంగా ఉండనివి, మనం అడిగి రాయించుకోవలసినవి కొన్ని ఉన్నాయి.

మొదటిది, మరొకరికి అద్దెకివ్వకూడదన్న షరతు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం, ఒప్పందంలో వద్దని రాయకపోతే అద్దెదారు తన హక్కును మరొకరికి ఉప అద్దెగా ఇచ్చుకోవచ్చు. చాలామంది యజమానులు దీనికి ఉల్టాగా అనుకుంటారు. రెండోది, అద్దె తేదీ. "ప్రతి నెలా" అని కాకుండా "ప్రతి నెల 5వ తేదీ లోపల" అని ఉండాలి. మూడోది, ఖాళీ చేయాలంటే ఇరువైపులా ఎన్ని రోజుల ముందు చెప్పాలన్నది. ఏమీ రాసుకోకపోతే నెల నెలా సాగే అద్దెకు అదే ఆస్తి బదిలీ చట్టం 15 రోజుల నోటీసు సరిపోతుందంటుంది. 15 రోజుల్లో మనకు కొత్త అద్దెదారు దొరకడు, వారికి కొత్త ఇల్లూ దొరకదు. నేను రెండు నెలలు రాస్తున్నాను. నాలుగోది, ఏ మరమ్మతు ఎవరిదన్నది. శ్లాబు, గోడలు, లోపలి పైపులు, మోటారు యజమానివి. బల్బులు, కుళాయి వాషర్లు, పగిలిన అద్దం, పిల్లలు విరగ్గొట్టిన గడియ అద్దెదారువి. యజమాని చేయవలసిన మరమ్మతును చెప్పినా సకాలంలో చేయకపోతే, అద్దెదారు తానే చేయించి ఆ ఖర్చును అద్దెలో తగ్గించుకునే హక్కును చట్టం ఇచ్చింది. కాబట్టి ఏది ఎవరిదో తేల్చుకోవడం మనకే మేలు.

అద్దె ఎంత పెంచాలన్నది కూడా రాసుకోవచ్చు. కానీ వేళకు అద్దె ఇచ్చే కుటుంబం దొరికాక పెంపు విషయంలో మరీ పట్టుపట్టడం నాకు లాభంగా కనిపించలేదు. ఎనిమిది వేల అద్దెను అయిదు వందలు పెంచితే ఏడాదికి వచ్చేది ఆరు వేలు; ఆ పెంపు ఇష్టంలేక వారు వెళ్లిపోయి వాటా ఒక్క నెల ఖాళీగా ఉంటే పోయేది ఎనిమిది వేలు, సున్నం, రంగుల ఖర్చు దానికి అదనం.

పన్నెండేళ్లు ఒకే ఇంట్లో ఉంటే ఇల్లు అద్దెదారుదైపోతుందన్న భయం మన పెద్దల్లో బాగా ఉంది. మూడేళ్లకోసారి మంచి అద్దెదారును కూడా మార్చేసిన ఇళ్లు నాకు తెలుసు. యజమాని అనుమతితో, అద్దె ఇస్తూ ఉన్నవాడు యజమాని హక్కును కాదనలేడు; అద్దె ముట్టినట్టు ఆధారాలు, ఎప్పటికప్పుడు మార్చుకున్న ఒప్పందాలు ఉన్నంతకాలం ఆ భయానికి పని లేదు. భయపడవలసింది ఏ కాగితమూ లేకుండా, అద్దె కూడా తీసుకోకుండా దూరపు చుట్టాన్ని "ఊరికే ఉండనిచ్చిన" ఇళ్ల గురించి.

చేరిన రోజు

పాలు పొంగించుకుని సామాను దించే రోజు అందరూ సంతోషంగా ఉంటారు, కాబట్టి ఏది రాసుకోవాలన్నా ఆ రోజే సులువు. ఒక్కో వాటాకు ఒక్కో పొడుగు నోటుపుస్తకం పెట్టుకోవాలి. మా మేడ మీది వాటా పుస్తకంలో ఇప్పుడున్నవారి మొదటి పేజీ ఇలా ఉంటుంది: మీటరు రీడింగు 4817. తాళంచెవులు మూడు, గుమ్మానివి రెండు, మేడ తలుపుది ఒకటి. ఫ్యాన్లు మూడు, హాల్లోనిది రెండో నంబరులో తిరగదు. వంటగది గట్టురాయి ఎడమ మూల బెత్తెడు పగులు పాతది. స్నానాలగది తలుపు కింది అంచు తడికి ఉబ్బింది. సింకు కింద పైపు కొత్తది. కింద నా సంతకం, వారి సంతకం, తేదీ.

ఆ పగులు గురించి రాయకపోతే, వెళ్లేటప్పుడు అది వారిదేనని నేను, కాదని వారు అనుకుంటాం. ఇద్దరం నిజాయితీగానే అనుకుంటాం, ఎందుకంటే మూడేళ్లనాటి గట్టురాయి ఎవరికీ గుర్తుండదు. ఫోనులో గది గదికీ తీసిన వీడియో కూడా పనికొస్తుంది. తీసిన వెంటనే దాన్ని అద్దెదారుకు వాట్సాప్‌లో పంపితే తేదీ దానంతటదే నిలుస్తుంది. ఫోను మార్చినప్పుడు వీడియోలు పోతాయి, పుస్తకం మాత్రం బీరువాలో ఉంటుంది, అందుకని నేను రెండూ చేస్తున్నాను.

అద్దె ఆగినప్పుడు

2010 ప్రాంతంలో మా కింది వాటాలో ఒక చిన్న ప్రైవేటు ఉద్యోగి కుటుంబం ఉండేది. మొదటి నెల అద్దె ఆగినప్పుడు అతను "మాస్టారూ, ఈ ఒక్క నెలా సర్దుకోండి" అన్నాడు. నేను "అలాగే బాబూ" అన్నాను. రెండో నెల అతను ఏమీ అనలేదు, నేనూ అడగలేదు. మూడో నెల నుంచి నేను మెట్లు దిగే చప్పుడు వినగానే అతను లోపలికి వెళ్లిపోవడం మొదలుపెట్టాడు; నిజం చెప్పాలంటే అతను ఎదురుపడకూడదని నేను కూడా పెరటి దారిన వెళ్లేవాడిని. అద్దె ఇవ్వనివాడూ అడగనివాడూ ఒకరినొకరు తప్పించుకుంటూ ఏడు నెలలు గడిచాయి. రెండు నెలల అడ్వాన్సు పోను అయిదు నెలల అద్దె అతను వెళ్లిపోయేనాటికి నాకు రావలసి ఉంది, ఇప్పటికీ ఉంది. మొదటి నెలలోనే అడిగి ఉంటే అతను సగమైనా ఇచ్చేవాడు, లేదా తన తాహతుకు తగిన చిన్న ఇల్లు చూసుకునేవాడు.

ఆ తర్వాత పెట్టుకున్న పద్ధతిని ఇప్పటికీ తప్పలేదు. అద్దె 5వ తేదీకి రావాలి. 6వ తేదీ ఉదయం ఒక చిన్న మెసేజ్ పెడతాను: "ఈ నెల అద్దె ఇంకా అందలేదు, గమనించగలరు" అని. అందులో కోపం ఉండదు, పరాచకం కూడా ఉండదు. 10వ తేదీ దాటితే స్వయంగా వెళ్లి కూర్చుని మాట్లాడతాను, ఎప్పటికి ఇవ్వగలరో తేదీ అడుగుతాను, వారు చెప్పిన తేదీని మెసేజ్‌గా తిరిగి పంపుతాను. ఉద్యోగం పోయినా, ఇంట్లో ఆపరేషన్ జరిగినా రెండు విడతలుగా ఇమ్మనడానికి నాకు అభ్యంతరం లేదు. కాని ఆ విడతలు రాతలో ఉండాలి. రెండో నెల కూడా ఆగితే స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపి రసీదు ఉంచుకోవాలి. ఎదురింట్లో ఉన్నవాడికి ఉత్తరమేమిటని నవ్వొచ్చు. ఆ రసీదే తర్వాత పనికొచ్చేది. బకాయి మనం తీసుకున్న అడ్వాన్సుకు సమానమయ్యే లోపల ఖాళీ చేయమనే నోటీసు న్యాయవాది ద్వారా వెళ్లాలి, ఎందుకంటే ఆ గీత దాటాక పోయే ప్రతి రోజూ మన సొంత డబ్బుతోనే.

చేయకూడని పని ఒకటుంది. కోపం వచ్చి కరెంటు ఫ్యూజు తీసేయడం, మోటారు ఆపేయడం, వారు ఊరెళ్లినప్పుడు వేరే తాళం వేయడం వంటివి కొందరు గొప్పగా చెప్పుకుంటారు. బకాయి ఎంత ఉన్నా అద్దెదారును చట్టప్రకారమే ఖాళీ చేయించాలి; నీళ్లు, కరెంటు ఆపిన మరుక్షణం తప్పు మన వైపుకు వచ్చి, రావలసిన బకాయి మాట వెనక్కి పోతుంది.

అద్దె బ్యాంకు ఖాతాకో ఫోన్‌పేకో వస్తే లెక్క దానంతటది ఉంటుంది. నగదుగా ఇస్తే రసీదు ఇవ్వాలి. మొత్తం అయిదు వేలు దాటితే రూపాయి రెవెన్యూ స్టాంపు అంటించి దాని మీద సంతకం చేయాలి.

కరెంటు బిల్లు

మన ఇళ్లలో గొడవలకు అద్దె కంటే పెద్ద కారణం ఒకే మీటరు మీద రెండు మూడు వాటాలు నడవడం. ఇందులో ఎవరూ మోసం చేయకపోయినా అందరూ మోసపోయామనుకుంటారు. కారణం శ్లాబులు, అంటే వాడకం పెరిగేకొద్దీ యూనిట్ ధర పెరిగే అంచెలు. మనకు కరెంటు ఇచ్చే పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ పరిధిలో 2022-23 ధరల ఉత్తర్వు ప్రకారం ఇంటి వాడకంలో మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90 రూపాయలు, తర్వాత 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75 రూపాయలు. ఈ లెక్కన నెలకు 100 యూనిట్లు వాడే కుటుంబానికి సొంత మీటరుంటే కరెంటు ఖరీదు 304.50 రూపాయలు అవుతుంది. అలాంటి మూడు కుటుంబాలు ఒకే మీటరు మీద 300 యూనిట్లు వాడితే, పై శ్లాబుల్లోకి వెళ్లిపోయి అది 1673.25 రూపాయలవుతుంది, వేర్వేరుగా ఉంటే ముగ్గురికీ కలిపి 913.50 రూపాయలే. స్థిర చార్జీలూ సర్దుబాటు చార్జీలూ కలపకుండానే నెలకు సుమారు 760 రూపాయలు తేడా.

కాబట్టి వేరు గుమ్మం, వేరు వంటగది ఉన్న వాటాకు వేరు మీటరుకు దరఖాస్తు చేసుకోవడం ఎంత ఖర్చైనా లాభమే. అది కుదిరేదాకా సబ్ మీటరు పెట్టించి, ఆ నెల మొత్తం బిల్లును మొత్తం యూనిట్లతో భాగించి వచ్చిన ధరనే అందరికీ వేయాలి. కొందరు యజమానులు అద్దెదారు యూనిట్లన్నింటికీ పై శ్లాబు ధర వేసి తమ వాడకాన్ని కింది శ్లాబులో చూపుకుంటారు. అద్దెదారు కూడా లెక్క చూడగలడు. మోటారుకూ మెట్ల దీపానికీ అయ్యే యూనిట్లను విడిగా తీసి, మనుషుల సంఖ్యను బట్టి కాకుండా వాటాల లెక్కన పంచితే నెలనెలా కొత్త వాదన పుట్టదు.

మరో రెండు జాగ్రత్తలు. వేసవిలో అద్దెదారు ఏసీ పెట్టించుకుంటే మన సర్వీసుకు మంజూరైన లోడు చాలుతుందా, ఎర్తింగ్ సరిగా ఉందా అన్నది ఎలక్ట్రీషియన్‌తో చూపించాకే ఒప్పుకోవాలి. ఇంటి సర్వీసు మీద టైలరింగు దుకాణమో ట్యూషన్ కేంద్రమో నడిస్తే అది వాణిజ్య వాడకంగా పట్టుబడి నోటీసు మన పేరున వస్తుంది, ఎందుకంటే సర్వీసు నంబరు యజమానిది.

నీళ్ల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఎంత పెద్ద ట్యాంకున్నా వేసవిలో చాలదు, మోటారు ఏ వేళల్లో వేస్తారో గోడ మీద రాసిపెడితే సగం ఫిర్యాదులు తగ్గుతాయి. పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి ప్రతి వాటాలోనూ పదేసి మంది చుట్టాలు దిగుతారు. ఆ రెండు రోజులూ నీళ్లెందుకు అయిపోయాయని ఎవరినీ అడగకూడదు.

చెమ్మ, శ్లాబు, తుఫాను

పడమటింటి మూల శ్లాబు మీద రూపాయి బిళ్లంత తడి మచ్చ కనిపించిందని ఒక జూలైలో మా అద్దెదారు ఇల్లాలు చెప్పింది. వానలు తగ్గాక చూద్దాం అమ్మా అన్నాను. దసరా నాటికి ఆ మచ్చ పళ్లెమంత అయింది, దీపావళికి ముందు ఒక రాత్రి రెండడుగుల మేర ప్లాస్టరు పెచ్చు ఊడి మంచం పక్కన పడింది. పాప అప్పుడే నీళ్లకని లేచి వెళ్లిందట. పెచ్చు ఊడినచోట ఇనుప చువ్వ తుప్పుపట్టి, ఉబ్బి, వేలితో గీస్తే పొరలుగా రాలుతోంది. జూలైలో పైకి ఎక్కి చూసి ఉంటే, వాననీరు పోయే గొట్టం మూతిలో కూరుకుపోయిన వేపాకులు తీసి, పగులులో సిమెంటు పాలు పోయించడంతో సరిపోయేది.

తడి ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టడానికి ఇంజనీరు రావలసిన అవసరం ప్రతిసారీ ఉండదు. వాన పడ్డ రోజు పెరిగి, ఎండలో ఆరిపోయే మచ్చ శ్లాబుది. వానతో పని లేకుండా ఎప్పుడూ తడిగా ఉండేది పైపుదో, పై అంతస్తు స్నానాలగది కింది జాయింటుదో. రాత్రి ట్యాంకు వాల్వు కట్టేసి ఉదయానికి మచ్చ తగ్గిందో లేదో చూస్తే తెలుస్తుంది. నేల దగ్గర మూడడుగుల ఎత్తు వరకే పెచ్చులూడుతుంటే అది నేల చెమ్మ. కారణం తెలియకుండా మీద రంగు వేయించడం వృథా, అది రెండో వానకే ఊడుతుంది. కొత్తగా వాటర్‌ప్రూఫింగ్ చేయించినప్పుడు మేస్త్రీకి పూర్తి డబ్బు ఇచ్చేముందు గొట్టాల మూతులు మూసి, శ్లాబు మీద రెండంగుళాల నీళ్లు ఒక పగలూ ఒక రాత్రీ నిలబెట్టి చూడాలి.

మన తీరానికి అక్టోబరు అంటే భయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చింది, 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లాను తుడిచిపెట్టింది. హుద్‌హుద్ రోజున మా మేడ మీది వెయ్యి లీటర్ల ప్లాస్టిక్ ట్యాంకు పైపులతో సహా లేచి పక్కింటి పెరట్లో పడింది, కారణం అది ఖాళీగా ఉంది. తుఫాను హెచ్చరిక రాగానే మొదట చేయవలసిన పని ట్యాంకు నింపడం. నిండిన ట్యాంకు కదలదు, ఆ తర్వాత కరెంటు లేని రోజుల్లో అందరికీ ఆ నీళ్లే ఆధారం. సెప్టెంబరు నెలాఖరులోనే శ్లాబు ఊడ్పించి, గొట్టాల మూతులు శుభ్రం చేయించి, మెట్ల మీది రేకుల బోల్టులు బిగించి, ఇంటి మీదికి వంగిన కొబ్బరి మట్టలు కొట్టించుకోవాలి. తెగిన తీగలు కనిపిస్తే ఎవరినీ దగ్గరికి వెళ్లనివ్వకుండా 1912కు ఫోను చేయాలని అద్దెదారులందరికీ ముందే చెప్పి ఉంచాలి. తుఫాను నష్టం వల్ల ఇంట్లో ఉండలేకపోయిన రోజులకు అద్దె తగ్గించడం న్యాయం. నేను పది రోజుల అద్దె వదులుకున్నాను, ఆ కుటుంబం తర్వాత ఆరేళ్లు మా ఇంట్లోనే ఉంది.

యజమాని దూరాన ఉంటే

ఊళ్లో ఉన్న తమ్ముడో మేనల్లుడో ఇల్లు చూసుకుంటాడని వదిలేసినచోట ఇబ్బంది తరచుగా అద్దెదారుతో కాక ఆ చుట్టంతోనే వస్తుంది. అద్దె అతని చేతికి వెళ్తుంది, మరమ్మతు లెక్క నోటి మాటగా వస్తుంది, అడిగితే బంధుత్వం చెడుతుంది. అద్దె నేరుగా మన ఖాతాలో పడే ఏర్పాటు చేసి, చూసుకునేవారికి నెలకింత అని విడిగా ఇవ్వడం ఇద్దరికీ గౌరవం. మరమ్మతుకు ముందు ఫొటో, తర్వాత ఫొటో, మేస్త్రీకి మన ఫోను నుంచే చెల్లింపు ఉండాలి. ఏడాదికొకసారి, పండక్కి వచ్చినప్పుడైనా, అద్దెదారుకు ముందురోజు చెప్పి ఇల్లంతా చూసుకోవాలి. చెప్పకుండా వెళ్లి తలుపు కొట్టడం మన ఇల్లయినా మర్యాద కాదు.

పన్నులు

ఇంటి పన్నును ఆర్థిక సంవత్సరం మొదట్లో, ఏప్రిల్ 30 లోపల ఏడాది మొత్తానికి కట్టేస్తే అయిదు శాతం తగ్గింపు వస్తుంది. అది యజమాని బాధ్యతే కాబట్టి ఆ లాభమూ యజమానిదే. ఆదాయపు పన్ను లెక్కలో, ఏడాదిలో వచ్చిన అద్దె నుంచి మనం నిజంగా కట్టిన ఇంటి పన్నును తీసివేసి, మిగిలినదానిలో 30 శాతాన్ని మరమ్మతుల కింద, ఏ రసీదులూ లేకుండానే తగ్గించుకోవచ్చు. నెలకు 8,000 అద్దె వచ్చి ఏడాదికి 4,000 ఇంటి పన్ను కట్టినవారికి 96,000లో 4,000 పోను మిగిలిన 92,000లో 27,600 తగ్గి, 64,400 మాత్రమే ఆదాయంగా లెక్కలోకి వస్తుంది. అందుకని అద్దెను దాచవలసిన అవసరం చాలామంది చిన్న యజమానులకు నిజానికి లేదు. ఉద్యోగి అయిన అద్దెదారు ఇంటి అద్దె భత్యం మినహాయింపు కోసం చూపే అద్దె ఏడాదికి లక్ష దాటితే మన పాన్ నంబరు ఇవ్వవలసి ఉంటుంది, కాబట్టి ఎనిమిది వేల పైచిలుకు అద్దె తీసుకునేవారు ఆ ప్రశ్నకు సిద్ధంగా ఉండాలి.

ఖాళీ చేసేటప్పుడు

మన దగ్గర ఆషాఢంలో ఇల్లు మారరు, భాద్రపదంలో మారరు, పుష్యంలో మారరు. జూన్ నెలలో బదిలీ అయిందని నోటీసు ఇచ్చిన అద్దెదారు, తీరా గడువు ముగిసేసరికి ఆషాఢం వచ్చిందని శ్రావణం దాకా ఆగమంటాడు; అప్పటికే మనం కొత్తవారి దగ్గర బయానా తీసుకుని ఉంటాం. నోటీసు తీసుకునే రోజునే పంచాంగం తెరిచి, ఏ తేదీన సామాను కదులుతుందో ఇద్దరూ కలిసి నిర్ణయించుకుని పుస్తకంలో రాసుకోవాలి. నమ్మకాలతో వాదించడం కన్నా ముందుగా లెక్క వేసుకోవడం తేలిక.

అడ్వాన్సు తిరిగి ఇచ్చేటప్పుడు ఏది కోయాలి, ఏది కోయకూడదు అన్నదానికి చట్టంలోని కొలత సహజమైన అరుగుదల. మూడేళ్లు ఉన్న ఇంట్లో రంగు వెలుస్తుంది, నేల గచ్చు మెరుపు తగ్గుతుంది, కుళాయి పిడి వదులవుతుంది; ఇవి అద్దెకిచ్చినందుకు సహజంగా జరిగేవి, వీటికి పైసా కోయకూడదు. పగిలిన సింకు, గోడకు కొట్టిన పది మేకుల వల్ల ఊడిన ప్లాస్టరు, పోయిన తాళంచెవి, కట్టని కరెంటు బిల్లు కోయవచ్చు. నెలరోజుల అద్దె రంగుల ఖర్చు కింద అందరి దగ్గరా కోసుకునే ఆచారం మన పట్టణాల్లో పాకుతోంది. ఒప్పందంలో రాయకుండా అలా కోయడం సరికాదని నా అభిప్రాయం.

సామాను లారీకెక్కుతున్న హడావుడిలో లెక్క చూడకూడదు. ముందురోజు సాయంత్రం పుస్తకంలోని మొదటి పేజీ పట్టుకుని ఇద్దరూ గది గదీ తిరగాలి. కొత్త మీటరు రీడింగు, ముట్టిన తాళంచెవులు, కోసిన మొత్తం, తిరిగి ఇచ్చిన అడ్వాన్సు, వారి కొత్త చిరునామా రాసి ఇద్దరూ సంతకం చేయాలి. అద్దె బకాయి కోసం దావా వేయడానికి గడువు మూడేళ్లు, కాబట్టి ఆ పుస్తకాన్ని కొత్తవారు చేరిన రోజు పాత కాగితాల వాడికి వేయకుండా, కనీసం అన్నాళ్లు బీరువాలో ఉంచాలి. కొత్తవారికి కొత్త పుస్తకం తెరవాలి.